పౌరుషగ్రంథి క్యాన్సరు: గుర్తింపవలసిన సూచనలు

60 ఏండ్లు దాటిన పురుషుడు రాత్రివేళ రెండు మూడు మారులు నిద్రనుండి లేచుట మన ఇండ్లలో అందరు నెరిగిన విషయమే. ఆయన లేచిన అలికిడి ఇల్లాలికి తెలియును. తలుపు చప్పుడు కోడలికి వినబడును. అయినను ఉదయమున ఎవ్వరును ఆ మాట ఎత్తరు. అడిగినచో “వయస్సు వచ్చినది గదా” అను సమాధానము సిద్ధముగా నుండును. ఈ సమాధానములో నిజము చాలవరకు కలదు. కాని పూర్తిగా లేదు. ఆ మిగిలిన కొంచెమును గూర్చియే ఈ ప్రసంగమున చెప్పదలచితిమి.

పురుషుని మూత్రాశయమునకు దిగువన, పురీషనాళమునకు ముందువైపున ఒక చిన్న గ్రంథి యున్నది. వైద్యులు దీనిని ప్రోస్టేటు అందురు; తెలుగున పౌరుషగ్రంథి యని వ్యవహరించుచున్నారు. యౌవనమున ఇది అక్రోటుకాయంత యుండును. బరువు సుమారు 20 గ్రాములు. వీర్యములోని ద్రవములో కొంతభాగమును ఇది సమకూర్చును. మూత్రాశయమునుండి వెలువడిన నాళము ఈ గ్రంథి నడుమనుండి, పూసలో దారము దూరినట్లు, క్రిందికి దిగును. ఈ ఒక్క సంగతిని మనస్సున నుంచుకొన్నచో తక్కినదంతయు సులభముగా బోధపడును.

వయస్సు పెరిగినకొలది ఈ గ్రంథిలో రెండు విధములైన మార్పులు రావచ్చును. మొదటిది గ్రంథి లోపలిభాగమున, నాళము చుట్టును కలుగు వాపు. ఇది నాళమును నొక్కును గనుక మూత్రవిసర్జనమున ఇబ్బంది త్వరగా తెలిసివచ్చును. రెండవది క్యాన్సరు, అనగా మన పెద్దలు రాచపుండని భయముతో చెప్పుకొన్న వ్యాధి. ఈ గ్రంథిలో పుట్టు క్యాన్సరులలో నూటికి సుమారు 70 వెలుపలి భాగమున, పురీషనాళమునకు దగ్గరగా పుట్టును. అక్కడ పుట్టిన కంతి నాళమును నొక్కదు; చాలకాలము ఏ బాధయు కలిగింపదు. మొరిగే కుక్క కరవదను సామెత ఈ విషయమున చాలవరకు వర్తించును. ఇబ్బంది పెట్టుచున్న వాపు సాధారణముగా ప్రాణమునకు ముప్పు తేదు. ముప్పు తేగలది మొదట మౌనముగా నుండును. కావున లక్షణములు కనబడగానే క్యాన్సరని హడలిపోరాదు. లక్షణములు లేవని నిశ్చింతగా నుండుటయు తగదు.

మొదట వాపు సంగతి చూతము. 60 ఏండ్లు వచ్చిన పురుషులలో సుమారు సగముమందికి ఈ మార్పు ఎంతో కొంత యుండును. 80 దాటినవారిలో మిక్కిలి పెద్దభాగమునకు ఉండును. మూత్రము వెంటనే రాక కొంతసేపు వేచియుండవలసివచ్చుట, ధార సన్నబడుట, ఆగి ఆగి వచ్చుట, చివర బొట్లుబొట్లుగా కారుట, పూర్తిగా పోలేదను భావము, ఆపుకొనలేని తొందర, రాత్రులు పలుమారులు లేచుట దీని లక్షణములు. ఈ బాధ గలవారు క్రమముగా బస్సు ప్రయాణములు మానుకొందురు. పెండ్లికి పోయినచో మరుగుదొడ్డి ఎచటనున్నదో ముందుగా చూచుకొందురు. తిరుమల వెళ్లవలెనని మనస్సున నున్నను, క్యూలో గంటలతరబడి నిలువలేమని వెనుకాడుదురు. కారణము మాత్రము ఎవరికిని చెప్పరు. ఈ వాపు క్యాన్సరు కాదు; క్యాన్సరుగా మారదు. మాత్రలతోనే చాలమందికి ఉపశమనము కలుగుచున్నది. చెప్పుకొనుటకు సిగ్గుపడి ఏండ్లతరబడి బాధపడుటకు కారణమే లేదు. అయితే ఒకే మనిషికి వాపును క్యాన్సరును రెండును ఉండవచ్చును గనుక, అది వాపేయని ఇంటివద్ద మనమే తీర్పు చెప్పుకొనరాదు.

మరియొక జాగ్రత్త కలదు. రాత్రులు పలుమారులు లేచుట కెల్ల పౌరుషగ్రంథియే కారణము కాదు. మన ప్రాంతమున మధుమేహము ఎంత వ్యాపించియున్నదో అందరికిని తెలియును. అతిమూత్రము దాని ముఖ్యలక్షణములలో ఒకటి. మూత్రమార్గమున క్రిములు చేరినను, రాయి యున్నను, రక్తపుపోటునకు వాడు కొన్ని మాత్రలవలనను ఇట్టి బాధ కలుగును. వైద్యుడు మూత్రమును, రక్తములోని చక్కెరను పరీక్షింపుమని చెప్పుట ఇందువలననే.

వాపు గలవారికి ఒక్కొక్కప్పుడు మూత్రము పూర్తిగా బిగిసిపోవును. పొత్తికడుపు ఉబ్బి భరింపరాని నొప్పి కలుగును. ఇట్టి స్థితిలో గృహచికిత్సలతో కాలము గడపక వెంటనే ఆసుపత్రికి పోవలెను. అచట సన్నని గొట్టము నమర్చి మూత్రమును తీసివేసినచో క్షణములలో ఉపశమనము కలుగును. జలుబునకు, ముక్కుదిబ్బడకు అంగళ్లలో దొరకు కొన్ని మాత్రలు ఇట్టి బిగింపును తెచ్చిపెట్టగలవు. కావున ఈ బాధ గలవారు అట్టి మాత్రలను వైద్యు నడుగక మ్రింగరాదు.

ఇక క్యాన్సరు సంగతి. అది పెరిగి నాళమును నొక్కినపుడు పైన చెప్పిన లక్షణములే కలుగును. వాటినిబట్టి రెంటిని వేరుచేయుట సాధ్యము కాదు. కాని కొన్ని సూచనలను ఎన్నడును తేలికగా తీసికొనరాదు. మూత్రమునందుగాని వీర్యమునందుగాని రక్తము కనబడుట మొదటిది. ఒక్కసారి కనబడి తరువాత కనబడకున్నను వైద్యునకు చెప్పవలెను. రక్తమునకు ఇతర కారణములు పెక్కు గలవు. అవి యేవో తేల్చుకొనుటయు ముఖ్యమే. కొద్దికాలములోనే మూత్రపుబాధ త్వరత్వరగా ముదురుట రెండవది. ఇదివరకు లేని అంగస్తంభన లోపము, కారణము తెలియక బరువు తగ్గుట, ఆకలి మందగించుట, విడువని నీరసము మరికొన్ని.

అన్నింటికంటె ఎక్కువగా మోసపుచ్చునది ఎముకల నొప్పి. ఈ క్యాన్సరు గ్రంథిని దాటిపోయినపుడు తరచుగా వెన్నెముకను, తుంటియెముకలను, ప్రక్కటెముకలను చేరును. అప్పుడు నడుమునందు, తుంటియందు నొప్పి యారంభించును. శ్రమచేసిన నాటి నొప్పి విశ్రాంతితో తగ్గును. ఈ నొప్పి విశ్రాంతి తీసికొన్నను తగ్గక, రాత్రులందు హెచ్చుచుండును. నడుము పట్టినదని, వాతమని నెలలతరబడి తైలములు మర్దించి, ఒక అంగడి మాత్రనుండి మరియొకదానికి మారుచు కాలము పోగొట్టుకొన్న పిమ్మట అసలు వ్యాధి బయటపడుట జరుగుచున్నది. 50 దాటిన పురుషునకు క్రొత్తగా నడుమునొప్పి వచ్చి కొన్ని వారములైనను విడువకున్నచో, మూత్రపుబాధ లేకపోయినను, వైద్యునకు చూపవలెను.

ఆ నొప్పితోపాటు కాళ్లు బరువెక్కుట, తిమ్మిరి, నడక తడబడుట, మలమూత్రములపై అదుపు తప్పుట కనబడినచో వెన్నుపాముపై ఒత్తిడి పడుచున్నదని శంకింపవలెను. ఇది గంటలతో పని. ఆ దినముననే పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను. కాళ్లు పూర్తిగా చచ్చుబడక ముందు చికిత్స జరిగినవారు మరల నడచుటకు అవకాశమెక్కువ. ఆలస్యమైనచో పోయిన శక్తి తిరిగివచ్చుట కష్టము.

ఈ వ్యాధి ఎంత సాధారణమను ప్రశ్న కలుగవచ్చును. 1853లో లండను నగరమున జాన్ ఆడమ్స్ అను శస్త్రవైద్యుడు సూక్ష్మదర్శిని సాయమున దీనిని నిరూపించి, ఇది మిక్కిలి అరుదైన వ్యాధి యని వ్రాసెను. నేడు ప్రపంచమున పురుషులకు వచ్చు క్యాన్సరులలో దీనిది రెండవ స్థానము. 2022లో సుమారు 14 లక్షల 67 వేలమందికి ఇది క్రొత్తగా బయటపడినదనియు, సుమారు 3 లక్షల 97 వేలమంది దీనివలన మరణించిరనియు అంతర్జాతీయ లెక్కలు తెలుపుచున్నవి. అరుదైనది ఇంత సాధారణమగుటకు ముఖ్యకారణము మనుష్యులు ఎక్కువకాలము బ్రతుకుచుండుటయు, పరీక్షలు పెరుగుటయు. 2020లో ఏటా 14 లక్షలుగా నున్న సంఖ్య 2040 నాటికి 29 లక్షలు కాగలదని లాన్సెట్ అను వైద్యపత్రిక ఏర్పరచిన నిపుణుల సంఘము 2024లో అంచనా వేసినది. ఆ పెరుగుదలలో అధికభాగము మన దేశమువంటి దేశములలోనే యుండుననియు వారు హెచ్చరించిరి.

ఎవరు ఎక్కువ జాగ్రత్తగా నుండవలెను? మొదటి కారణము వయస్సు. 40 లోపు ఈ వ్యాధి మిక్కిలి అరుదు. 50 దాటిన పిమ్మట పెరుగుచు, 65 దాటినవారిలో ఎక్కువగా కనబడును. రెండవది కుటుంబము. తండ్రికిగాని తోడబుట్టిన అన్నదమ్ములలో ఒకరికిగాని ఈ వ్యాధి వచ్చియున్నచో, తక్కినవారికంటె సుమారు రెండురెట్లు అవకాశమెక్కువ. అట్టివారు ఇద్దరు ముగ్గురున్నను, వారికి చిన్నవయస్సుననే వచ్చియున్నను, ఆ అవకాశము ఇంకను హెచ్చును.

కుటుంబమనగానే మనవారు తండ్రివైపు తాతను, పెదనాన్నను, చిన్నాన్నను లెక్కింతురు. తల్లివైపును కూడ లెక్కింపవలెను. రొమ్ము క్యాన్సరును, అండాశయ క్యాన్సరును తెచ్చు కొన్ని జన్యులోపములు పురుషులలో పౌరుషగ్రంథి క్యాన్సరుకును కారణమగుచున్నవి. బి.ఆర్.సి.ఎ. 2 అను జన్యువులోని లోపము వీటిలో ముఖ్యము. ఇది గల పురుషులకు వ్యాధి తీవ్రరూపమున రావచ్చును. కావున అమ్మకో, అమ్మమ్మకో, పిన్నికో, అక్కచెల్లెండ్రకో అట్టి క్యాన్సరు వచ్చియున్న సంగతి వైద్యునకు చెప్పవలసినదే. తమ్ముడు అమెరికాలోనో ఇంగ్లండులోనో యుండి, అచట పరీక్షలో ఈ వ్యాధి బయటపడినచో, ఊరిలోనున్న అన్నకు ఆ కబురు తప్పక తెలియవలెను. పెద్దలను కలవరపెట్టుట ఎందుకని దాచినచో, మేలు చేయగల సమాచారమును దాచినట్లే యగును.

మూడవది వంశము. ఆఫ్రికా సంతతికి చెందిన పురుషులలో ఈ వ్యాధి ఎక్కువగా కనబడుచున్నది. ఇంగ్లండు, అమెరికా దేశముల లెక్కలు దీనిని స్పష్టపరచుచున్నవి. మన చేతిలోనున్న కారణములు వీటికంటె చిన్నవి. స్థూలకాయము ముదిరిన వ్యాధితోను, పొగత్రాగుట వ్యాధివలన మరణించు అవకాశముతోను ముడిపడియున్నవి. పురుషుల కుటుంబనియంత్రణ శస్త్రచికిత్స దీనికి కారణమని కొందరు భయపడుదురు. పెద్ద పరిశీలనలలో ఏదైన సంబంధము కనబడినను అది అత్యల్పము. ఆ శస్త్రచికిత్స చేయించుకొన్నవారు బెంగపడవలసిన పని లేదు.

నివారణకని అమ్ము మాత్రల విషయమున ఒక మాట. సెలీనియము, ‘ఇ’ విటమిను ఈ క్యాన్సరును ఆపునేమోయను ఆశతో 2001లో అమెరికా ఖండమున 35 వేలకు పైగా పురుషులపై పెద్ద పరిశోధన నారంభించిరి. మేలు కనబడనందున 2008లో మాత్రలను ఆపివేసిరి. 2011లో వెలువడిన ఫలితములనుబట్టి, ‘ఇ’ విటమిను మాత్రమే తీసికొన్నవారిలో క్యాన్సరు తగ్గకపోగా నూటికి 17 వంతులు పెరిగినట్లు తేలినది. విటమినే గదా, హాని యేమని ఎవరికివారు కొని మ్రింగుట మంచిది కాదనుటకు ఇదియే నిదర్శనము.

బాధలేని వ్యాధిని కనుగొనుట ఎట్లు? పౌరుషగ్రంథి ఒక మాంసకృత్తును తయారుచేయును. దానిలో కొంచెము రక్తమున కలియును. దానిని కొలుచు పరీక్షను పి.ఎస్.ఎ. పరీక్ష యందురు. చికిత్స పొందినవారి స్థితిని గమనించుటకు 1986లోను, వ్యాధిని కనుగొనుటలో సాయపడుటకు 1994లోను అమెరికా ప్రభుత్వము దీనిని ఆమోదించినది. మిల్లీలీటరు రక్తమున 4 నానోగ్రాములు మించినచో శంకింపవలెనను వాడుక బహుకాలముగా నున్నది. కాని ఈ సంఖ్య గీత గీచినట్లు విభజించునది కాదు. వాపు పెరిగినను, క్రిములు చేరినను, మూత్రము బిగిసినను, గొట్టము అమర్చినను, పరీక్షకు ముందు ఒకటి రెండు దినములలో వీర్యస్ఖలనము జరిగినను ఈ సంఖ్య పెరుగవచ్చును. వాపును తగ్గించు ఫినాస్టరైడు వంటి మాత్రను కొన్ని నెలలు వాడినవారిలో ఇది సగమునకు దిగిపోవును. కావున వాడుచున్న మాత్రల పేర్లన్నియు వైద్యునకు చెప్పవలెను. 4 లోపునే యున్నవారిలో సైతము నూటికి సుమారు 15 మందికి క్యాన్సరు ఉన్నట్లు 2004లో ప్రకటింపబడిన ఒక పరిశీలన తెలిపినది.

అయినచో అందరును ఈ పరీక్ష చేయించుకొనవలెనా? దీనిపై వైద్యులలో చాలకాలము వాదములు జరిగినవి. ఐరోపాలో పలు దేశములలో జరిగిన పెద్ద పరిశోధన యొక్క 23 ఏండ్ల ఫలితములు 2025లో వెలువడినవి. పరీక్షకు ఆహ్వానింపబడినవారిలో ఈ వ్యాధివలని మరణములు నూటికి 13 వంతులు తగ్గినవి; 456 మందిని ఆహ్వానించినచో ఒక మరణము తప్పినది. మేలు నిజమే, కాని ప్రాణమునకు ఏ ముప్పును తేని, ఎదుగుబొదుగు లేని చిన్న క్యాన్సరులును అనేకము బయటపడి, అనవసరమైన చికిత్సకు, దాని బాధలకు దారితీయుటయు నిజమే. 2018లో అమెరికా నిపుణుల సంఘము 55 మొదలు 69 ఏండ్లవారు వైద్యునితో లాభనష్టములు చర్చించి స్వయముగా నిర్ణయించుకొనవలెననియు, 70 దాటి ఏ లక్షణములు లేనివారికి ఈ పరీక్ష అక్కరలేదనియు సలహా ఇచ్చినది. మన దేశమున ప్రభుత్వము గ్రామములందు జరుపు క్యాన్సరు పరీక్షలు నోటికి, రొమ్మునకు, గర్భాశయ ముఖమునకు సంబంధించినవి. పౌరుషగ్రంథి వాటిలో చేరలేదు. కావున పిలుపు వచ్చునని ఎదురుచూడక, 50 ఏట ఒకసారి వైద్యునితో ఈ సంగతి మాటలాడుట మేలు. కుటుంబమున వ్యాధి యున్నవారు 40, 45 ఏండ్లకే మాటలాడవలెను. లక్షణములున్నవారి విషయమున ఈ వాదము వర్తింపదు. వారు ఏ వయస్సువారైనను పరీక్షింపించుకొనవలసినదే.

రక్తపరీక్షతోపాటు వైద్యుడు చేతితొడుగు వేసికొని, మలద్వారమున వ్రేలుంచి గ్రంథిని తాకి చూచును. గ్రంథి మెత్తగా నున్నదో, ఎక్కడనైన రాయివలె గట్టిపడినదో ఇందువలన తెలియును. ఇది ఒక నిమిషము పని. పలువురు దీనికి సిగ్గుపడి ఆసుపత్రికే పోరు. ప్రసవవేళ మన స్త్రీలు ఎన్ని పరీక్షలకు ఓర్చుకొందురో తలంచుకొన్నచో పురుషులకు ఈ సంకోచము తగదని తోచును. అనుమానము కలిగినచో ఎమ్.ఆర్.ఐ. చిత్రము తీయుదురు; తరువాత సూదితో చిన్న ముక్కలు తీసి సూక్ష్మదర్శినిలో చూతురు. సూది గ్రుచ్చినచో వ్యాధి వ్యాపించునను భయముతో ఈ పరీక్షను మానుకొనుట తగదు. వ్యాధిని నిశ్చయించునది ఈ పరీక్షయే. ముక్కలోని కణముల తీరునుబట్టి వ్యాధి తీవ్రతను లెక్కించు పద్ధతిని 1966లో డోనాల్డ్ గ్లీసన్ అను అమెరికా వైద్యుడు ప్రవేశపెట్టెను. దాని సవరించిన రూపము నేటికిని వాడుకలో నున్నది.

క్యాన్సరని తేలినంతమాత్రమున బ్రతుకు ముగిసినదని తలపరాదు. బ్రిటనులో 50 మొదలు 69 ఏండ్ల వయస్సు గలవారై, గ్రంథిలోనే యున్న క్యాన్సరు గల 1,643 మందిని కొందరికి శస్త్రచికిత్స, కొందరికి కిరణచికిత్స, కొందరికి జాగరూకతతో గమనించుట అను మూడు విధముల విభజించి చూచిరి. 15 ఏండ్లు గడచిన పిమ్మట, ఏ విధమైనను, ఆ వ్యాధివలన మరణించినవారు నూటికి ముగ్గురుమాత్రమే యని 2023లో ప్రకటించిరి. కావుననే తీవ్రత లేని క్యాన్సరును వెంటనే కోయక, ఆరేసి నెలలకో ఏటేటనో పరీక్షించుచు కనిపెట్టియుండుట నేడు గౌరవనీయమైన వైద్యపద్ధతి. వైద్యుడు “చూతము” అన్నచో అది నిర్లక్ష్యము కాదు; అయితే చెప్పిన గడువునకు రోగి తప్పక పోవలెను.

గ్రంథిని దాటిన వ్యాధికిని మార్గములు గలవు. ఈ క్యాన్సరు పురుష హార్మోనుపై ఆధారపడి పెరుగునని 1941లో చార్లెస్ హగ్గిన్స్ చూపెను. అందులకు 1966లో ఆయనకు నోబెలు బహుమతి లభించినది. ఆ హార్మోనును తగ్గించు ఇంజక్షనులు, మాత్రలు నేడు పెక్కు గలవు. వృషణములను తొలగించు చిన్న శస్త్రచికిత్సయు అదే ఫలితము నిచ్చును, ఖర్చు తక్కువ. ఎముకల నొప్పితో మంచమెక్కినవారు సైతము ఇట్టి చికిత్సతో లేచి తిరుగుట కలదు. కాని పూర్తిగా నయము చేయుటకు అవకాశము వ్యాధి గ్రంథిలోనే యున్నపుడు ఎక్కువ. ముందుగా పోవుటలోని ప్రయోజనము ఇదియే.

ఎచటికి పోవలెనను సందేహము అక్కరలేదు. మొదట దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలోని వైద్యునకు చెప్పినచో, అవసరమునుబట్టి మూత్రవ్యాధుల నిపుణునివద్దకు పంపును. క్యాన్సరు నిశ్చయమైనచో హైదరాబాదున 1955లో స్థాపింపబడిన మెహదీ నవాజ్ జంగ్ ప్రభుత్వ క్యాన్సరు వైద్యశాల, విశాఖపట్టణమున టాటా స్మారక కేంద్రమువారి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి వంటివి గలవు. రెండు రాష్ట్రములందును బీదలకు ప్రభుత్వ ఆరోగ్యపథకములు క్యాన్సరు చికిత్సకు తోడ్పడుచున్నవి. ఆసుపత్రికి పోవునపుడు రేషనుకార్డు, ఆధారుకార్డు వెంట తీసికొనిపోవుట మరువరాదు.

ఈ ప్రసంగమును వినుచున్న గృహములకు మా మనవి ఒకటే. మగవారు ఈ బాధను నోట చెప్పుట అరుదు గనుక, ఇంటివారే అడుగవలెను. “నాన్నగారూ, ధార సరిగా వచ్చుచున్నదా? ఎప్పుడైన రక్తము కనబడినదా? ఆ నడుమునొప్పి ఎన్నాళ్లనుండి?” అను మూడు ప్రశ్నలు కుమారుడు అడుగుటలో అమర్యాద యేమియు లేదు. సమాధానములను ఒక కాగితముపై వ్రాసికొని, వాడుచున్న మందులను, రక్తసంబంధులలో ఎవరెవరికి ఏ క్యాన్సరు వచ్చినదో దాని క్రింద వ్రాసి, ఆ కాగితముతో వైద్యునివద్దకు తోడు వెళ్లవలెను. నూటికి ఎక్కువమంది వాపుమాత్రమే యని తెలిసికొని, మాత్రల చీటితో నెమ్మదిగా ఇల్లు చేరుదురు. తక్కిన కొలదిమందికి ఆ ప్రయాణము ఆయుర్దాయము నిచ్చినదగును.